హంగరీ బ్యాంకుల ఆస్తుల పెరుగుదల (1987–2015): చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

సోషలిస్టు ప్రణాళికా వ్యవస్థ నుంచి మార్కెట్ వ్యవస్థకు మారిన మధ్య యూరప్ దేశాలలో హంగరీ బ్యాంకింగ్ చరిత్ర విలక్షణమైనది. 1987లో రెండంచెల బ్యాంకింగ్ వ్యవస్థ ఏర్పడింది. 2015లో కుటుంబాల విదేశీ కరెన్సీ గృహరుణాలు ఫోరింట్లలోకి మారాయి. ఈ రెండు ఘట్టాల మధ్య అక్కడి బ్యాంకుల ఆస్తులు ఎలా పెరిగాయో, ఆ పెరుగుదల భారం ఎవరిపై పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బ్యాంకుల ఆస్తుల మొత్తాన్ని అభివృద్ధికి కొలమానంగా తీసుకునేటప్పుడు ఆ ఆస్తులు ఏ కరెన్సీలో ఉన్నాయి, మారకపు నష్టభయాన్ని ఎవరు మోస్తున్నారు అనే రెండు ప్రశ్నలు తప్పనిసరిగా వేసుకోవాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: హంగరీ, బ్యాంకు ఆస్తులు, ఫోరింట్, స్విస్ ఫ్రాంకు, గృహరుణాలు, మారకపు రేటు, నష్టభయం.

1. ఉపోద్ఘాతం:

వాణిజ్యశాస్త్రం తెలుగు పాఠ్యపుస్తకాలలో బ్యాలెన్స్ షీటుకు 'ఆస్తి అప్పుల పట్టీ' అనే పేరు స్థిరపడింది. వ్యాపారి విషయంలో ఈ మాట అర్థం చేసుకోవడం సులభం. అతని సరుకు, దుకాణం, చేతిలోని నగదు ఆస్తులు. అతడు చెల్లించవలసినవి అప్పులు. బ్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఈ మాటలు తలకిందులైనట్లు కనిపిస్తాయి. ప్రజలు నమ్మి దాచుకున్న డిపాజిట్లు బ్యాంకుకు అప్పులు. ప్రజలు తీర్చవలసిన రుణాలు బ్యాంకుకు ఆస్తులు. ఒక దేశంలో బ్యాంకింగ్ రంగం ఆస్తులు పెరిగాయంటే, అందులో అత్యధిక భాగం ఆ దేశంలోని సంస్థలు, కుటుంబాలు, ప్రభుత్వం బ్యాంకులకు పడ్డ బాకీ పెరిగిందని అర్థం.

ఇందులో దోషమేమీ లేదు. రుణం లేకుండా పరిశ్రమ నిలబడదు. జీతం మీద బతికే కుటుంబం జీవితకాలంలో సొంత ఇల్లు కట్టుకోవడమూ కష్టమే. అయితే స్థూల దేశీయోత్పత్తితో పోల్చి బ్యాంకు ఆస్తుల నిష్పత్తి ఎంత పెరిగితే ఆర్థిక వ్యవస్థ అంత పరిణతి చెందినట్లు భావించే ధోరణి 1990 తరువాతి మధ్య, తూర్పు యూరప్ గురించిన రచనలలో బలంగా కనిపిస్తుంది. పశ్చిమ యూరప్ దేశాల నిష్పత్తిని గమ్యంగా పెట్టుకుని, ఈ దేశాలు దానికి ఎంత చేరువయ్యాయో లెక్కించేవారు. హంగరీ అనుభవం ఆ కొలమానం పరిమితిని స్పష్టం చేస్తుంది. అక్కడ ఆస్తులు పెరిగిన ప్రతి దశకూ కారణం వేరు. ఒక దశలోనైతే కొత్తగా ఒక్క రుణమూ ఇవ్వకుండానే బ్యాంకుల ఆస్తి పెరిగింది. అదే సమయంలో రుణగ్రస్తుల ఇళ్లు వేలానికి వచ్చాయి.

2. నేపథ్యం – ఒకే బ్యాంకు ఉన్న దేశం:

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత హంగరీ చరిత్రలో నమోదైన అతి తీవ్రమైన ద్రవ్యోల్బణాన్ని చవిచూసింది. 1946 జులై నాటికి ఆనాటి కరెన్సీ పెంగో విలువ గంటల లెక్కన కరిగిపోయింది. ఒకటి పక్కన 20 సున్నాల విలువ గల నోటు కూడా చలామణిలోకి వచ్చింది. 1946 ఆగస్టు 1న ఫోరింట్ ప్రవేశించినప్పుడు ఒక ఫోరింటుకు నిర్ణయించిన మారకం నాలుగు పక్కన 29 సున్నాల పెంగోలు. దేశీయ కరెన్సీ స్థిరత్వం ఎంత విలువైనదో, ఎంత బలహీనమైనదో ఆ తరానికి ప్రత్యక్షంగా తెలుసు.

1947లో పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. ఆ తరువాత నాలుగు దశాబ్దాలు ప్రధానంగా ఏకబ్యాంకు వ్యవస్థ నడిచింది. 1924లో స్థాపితమైన హంగరీ జాతీయ బ్యాంకే నోట్లు ముద్రించేది, ప్రభుత్వ సంస్థలకు రుణాలూ ఇచ్చేది. 1949లో ఏర్పడిన ఓటీపీ పౌరుల పొదుపును, గృహరుణాలను చూసేది. విదేశీ వాణిజ్యానికి ఎంకేబీ ఉండేది. 1968లో మొదలైన నూతన ఆర్థిక విధానం సంస్థలకు కొంత స్వేచ్ఛ ఇచ్చినా రుణం ఎవరికి దక్కాలో ప్రణాళిక ప్రకారమే నిర్ణయమయ్యేది. అలాంటి వ్యవస్థలో బ్యాంకు ఆస్తి అనే భావనకు వాస్తవార్థం తక్కువ. అప్పు ఇచ్చేదీ తీసుకునేదీ ప్రభుత్వమే కనుక, తీర్చలేని అప్పును మరో పద్దులోకి మారిస్తే సరిపోయేది.

3. తొలి దశ – కాగితం మీది ఆస్తులు (1987–1994):

సోషలిస్టు పాలన ఇంకా కొనసాగుతుండగానే, 1987 జనవరి 1న హంగరీ రెండంచెల వ్యవస్థను ప్రవేశపెట్టింది. జాతీయ బ్యాంకు కేంద్రబ్యాంకు బాధ్యతలకు పరిమితమైంది. దాని రుణ విభాగాల నుంచి మాగ్యార్ హితెల్ బ్యాంకు, కే అండ్ హెచ్ బ్యాంకు, బుడాపెస్ట్ బ్యాంకు అనే మూడు పెద్ద వాణిజ్య బ్యాంకులు పుట్టాయి. కొత్త బ్యాంకులకు ఖాతాదారులు కూడా వారసత్వంగానే వచ్చారు. పరిశ్రమల రుణాలు ప్రధానంగా ఒక బ్యాంకుకు, వ్యవసాయ, ఆహార రంగాల రుణాలు మరో బ్యాంకుకు పోయాయి. పుట్టిన రోజునే ఒక్కో బ్యాంకు భవిష్యత్తు ఒక్కో రంగం భవిష్యత్తుతో ముడిపడింది.

ఆ రంగాల పునాది త్వరలోనే కదిలింది. సోషలిస్టు దేశాల ఆర్థిక కూటమి కోమెకాన్ 1991 జూన్‌లో బుడాపెస్ట్ సమావేశంలోనే రద్దయింది. సోవియట్ మార్కెట్‌ను నమ్ముకున్న కర్మాగారాలకు కొనుగోలుదారులు కరవయ్యారు. అదే ఏడాది ద్రవ్యోల్బణం 35 శాతానికి చేరింది. సరిగ్గా ఆ సమయంలో ప్రభుత్వం మూడు చట్టాలను దాదాపు ఒకేసారి అమలులోకి తెచ్చింది. కొత్త బ్యాంకింగ్ చట్టం 1991 చివరలో, అకౌంటింగ్ చట్టం, దివాలా చట్టం 1992 జనవరిలో అమలయ్యాయి. బాకీ గడువు 90 రోజులు దాటిన సంస్థ తానే దివాలా ప్రక్రియకు దరఖాస్తు చేసుకోవాలన్న నిబంధన అత్యంత కఠినమైనది. వేల సంస్థలు న్యాయస్థానాల మెట్లెక్కాయి.

ఈ చట్టాలు కొత్తగా నష్టాన్ని సృష్టించలేదు. అప్పటికే ఉన్న నష్టాన్ని పుస్తకాలలోకి ఎక్కించాయి. అంతవరకు ఆస్తులుగా కనిపించినవి మొండి బాకీలని తేలింది. 1992 చివర నుంచి 1994 వరకు ప్రభుత్వం దశలవారీగా మొండి బాకీలకు బదులుగా తన బాండ్లను బ్యాంకులకు ఇచ్చింది, మూలధనం సమకూర్చింది. ఈ ప్రక్షాళన వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో పదో వంతుకు అటూఇటుగా ఉంటుందని పరిశోధకుల అంచనా. ఆస్తుల పట్టికలో దివాలా సంస్థ ఉన్నచోట ప్రభుత్వ బాండు చేరింది. మొత్తం పెద్దగా తగ్గలేదు, బాకీదారు మాత్రం మారాడు. తీర్చవలసినవారు ఇక పన్ను చెల్లించే పౌరులు. హంగరీ బ్యాంకింగ్ చరిత్రలో నష్టాన్ని ఒకరి నుంచి మరొకరికి బదిలీ చేసిన తొలి పెద్ద సందర్భం ఇదే.

4. రెండవ దశ – విదేశీ యాజమాన్యం (1994–2000):

ప్రక్షాళన చేసిన బ్యాంకులు మళ్లీ పాత ఖాతాదారులకే రుణాలిచ్చి పాత స్థితికే చేరతాయన్న భయం విధానకర్తలకు ఉండేది. ప్రభుత్వం యజమానిగా ఉన్నంతకాలం రాజకీయ ఒత్తిడి తప్పదని వారు భావించారు. 1995 మార్చిలో ఆర్థికమంత్రి లయోష్ బొక్రోష్ ప్రకటించిన పొదుపు చర్యలతో ఫోరింటు విలువ తగ్గింది, దిగుమతులపై అదనపు సుంకం వచ్చింది, సంక్షేమ వ్యయానికి కోత పడింది. ప్రైవేటీకరణ వేగం పుంజుకుంది.

ఎంకేబీ 1994లో జర్మనీకి చెందిన బయరిషె లాండెస్‌బ్యాంక్ చేతికి, బుడాపెస్ట్ బ్యాంకు 1995లో జీఈ క్యాపిటల్ చేతికి, మాగ్యార్ హితెల్ బ్యాంకు 1996లో డచ్ సంస్థ ఏబీఎన్ ఆమ్రో చేతికి వెళ్లాయి. కే అండ్ హెచ్ బ్యాంకులో 1997లో బెల్జియం పెట్టుబడి ప్రవేశించింది. ఓటీపీ మార్గం వేరు. దాని వాటాలను 1995లో స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదు చేసి, ఏ ఒక్క విదేశీ బ్యాంకుకూ ఆధిపత్యం దక్కకుండా చెదురుమదురుగా అమ్మారు. దశాబ్దం ముగిసేసరికి బ్యాంకింగ్ రంగంలో సగానికి మించిన భాగం విదేశీ యాజమాన్యంలో ఉంది.

ఈ దశ ఫలితాలు మొత్తంమీద సానుకూలమే. రుణ పరిశీలన పద్ధతులు మెరుగుపడ్డాయి, మొండి బాకీలు తగ్గాయి. 1997లో డిపాజిటర్లు పరుగున వచ్చి సొమ్ము వెనక్కి తీసుకున్న పోస్తాబ్యాంక్ వంటి ఉదంతాలు లేకపోలేదు. ఆ బ్యాంకును నిలబెట్టడానికి ప్రభుత్వం మళ్లీ భారీగా సొమ్ము వెచ్చించవలసి వచ్చింది. అయినా 2000 ప్రాంతంలో హంగరీ బ్యాంకుల ఆస్తులు స్థూల దేశీయోత్పత్తిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. కుటుంబాల రుణం స్వల్పం. పెద్ద సంస్థలు నేరుగా విదేశాలలోనే రుణం తీసుకుంటున్నాయి. బ్యాంకులకు విస్తరించే చోటు మిగిలింది కుటుంబాల దగ్గరే.

5. మూడవ దశ – ఫ్రాంకు రుణాల విస్తరణ (2001–2008):

5.1. రాయితీ నుంచి ఫ్రాంకుకు:

శతాబ్దారంభంలో ప్రభుత్వం గృహరుణాలపై వడ్డీరాయితీ ప్రవేశపెట్టి, దానిని విస్తరించింది. ఫోరింట్లలో రుణం తీసుకున్న కుటుంబం మార్కెట్ వడ్డీలో కొంత భాగమే చెల్లించేది, మిగిలినది ఖజానా భరించేది. గృహరుణాలు వేగంగా పెరిగాయి, వాటితోపాటు బడ్జెట్ భారమూ పెరిగింది. 2003 చివర రాయితీలకు కోత పడింది. అదే సమయంలో ఫోరింటు పతనాన్ని ఆపేందుకు కేంద్రబ్యాంకు తన వడ్డీరేటును 12.5 శాతానికి పెంచింది. రాయితీ లేని ఫోరింట్ రుణం సామాన్య కుటుంబానికి అందనిదైంది.

ఇల్లు కావాలన్న కోరిక మాత్రం తగ్గలేదు. స్విట్జర్లాండ్‌లో ఆ రోజుల్లో వడ్డీరేట్లు సున్నాకు చేరువలో ఉన్నాయి. 2001లో ఫోరింటు మారకంపై ఉన్న చివరి ఆంక్షలు తొలగిపోయాయి. 2004 మే 1న హంగరీ యూరోపియన్ యూనియన్ సభ్యదేశమైంది. యూరో కరెన్సీని తొలుత 2008లో, తరువాత 2010లో స్వీకరిస్తామని ప్రభుత్వాలు లక్ష్యాలు ప్రకటించాయి. మారకపు రేటు పెద్దగా కదలదన్న నమ్మకం ఈ పరిస్థితుల నుంచి పుట్టింది. ఇళ్లకు, కార్లకు, చివరికి ఇల్లు తాకట్టు పెట్టి ఇతర అవసరాలకు తీసుకునే రుణాలకు కూడా ఫ్రాంకే ప్రమాణమైంది. 2008 నాటికి కుటుంబాల రుణాలలో సుమారు మూడింట రెండు వంతులు విదేశీ కరెన్సీలో ఉన్నాయి. బ్యాంకుల మొత్తం ఆస్తులు స్థూల దేశీయోత్పత్తిని దాటాయి.

5.2. రుణం నడిచిన తీరు:

రుణగ్రహీత ఏనాడూ ఫ్రాంకు నోటును కళ్లతో చూడలేదు. రుణపత్రంలో మొత్తం ఫ్రాంకులలో రాసి, బ్యాంకు కొనుగోలు రేటు ప్రకారం అతనికి ఫోరింట్లే ఇచ్చేవారు. నెలవారీ వాయిదాను ఆనాటి అమ్మకపు రేటు ప్రకారం ఫోరింట్లలోనే వసూలు చేసేవారు. కొనుగోలు, అమ్మకపు రేట్ల మధ్య తేడా బ్యాంకు రాబడి. పైగా వడ్డీని ఏకపక్షంగా పెంచే అధికారం ఇచ్చే షరతులు అనేక ఒప్పందాలలో ఉండేవి.

ఒక ఊహా లెక్కను తీసుకోవచ్చు. ఫ్రాంకు 160 ఫోరింట్లు ఉన్నప్పుడు ఒక కుటుంబం కోటి ఫోరింట్ల రుణం తీసుకుందనుకుంటే, పత్రంలో దాని విలువ 62,500 ఫ్రాంకులు. సౌలభ్యం కోసం అసలులో ఏమీ తీరలేదనుకుందాం. ఫ్రాంకు 250 ఫోరింట్లకు చేరిననాడు అదే 62,500 ఫ్రాంకులు 1,56,25,000 ఫోరింట్లవుతాయి. ఆ ఇంటివారి జీతం ఫోరింట్లలోనే వస్తుంది, ఇంటి ధర కూడా ఫోరింట్లలోనే ఉంటుంది.

5.3. పుస్తకాలలో సమతూకం:

బ్యాంకుల వైపు నుంచి చూస్తే నష్టభయం లేనట్లే కనిపించేది. ఫ్రాంకు రుణాలకు తగిన విదేశీ నిధులను మాతృసంస్థల నుంచి, విదేశీ మారకపు స్వాప్ ఒప్పందాల ద్వారా సమకూర్చుకునేవారు. దేశంలోని డిపాజిట్లను రుణాలు బాగా మించిపోయినా, ఫ్రాంకు ఆస్తికి ఎదురుగా ఫ్రాంకు బాధ్యత ఉన్నందున పట్టిక సమతూకంగానే ఉండేది. మారకపు నష్టభయం బ్యాంకు పుస్తకాల నుంచి బయటికి వెళ్లి, దానిని కొలిచే సాధనమేదీ లేని కుటుంబాల దగ్గర చేరింది. అక్కడ అది ఏ పట్టికలోనూ కనిపించదు. ఫోరింటు పడిపోయి రుణగ్రహీత చెల్లించలేని రోజు వచ్చినప్పుడు మాత్రం మొండి బాకీ రూపంలో తిరిగి బ్యాంకుకే వస్తుంది.

ఈ ప్రమాదం ఎవరికీ తెలియదనడం సరికాదు. కేంద్రబ్యాంకు తన ఆర్థిక స్థిరత్వ నివేదికలలో కుటుంబాల విదేశీ కరెన్సీ రుణాల గురించి హెచ్చరించింది. అయితే పర్యవేక్షణాధికారం 2000లో ఏర్పడిన వేరొక సంస్థ చేతిలో ఉండేది. రుణాల వల్ల గృహనిర్మాణం, వినియోగం పెరిగి ఓటర్లు సంతృప్తిగా ఉన్న కాలంలో నియంత్రణకు రాజకీయ సంకల్పం కొరవడింది. 2006లో బడ్జెట్ లోటు స్థూల దేశీయోత్పత్తిలో 9 శాతాన్ని మించింది. ప్రభుత్వం తన ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు కుటుంబాల అప్పే కొనుగోలు శక్తిని నిలబెట్టింది.

6. నాలుగవ దశ – కొత్త రుణం లేకుండా పెరిగిన ఆస్తి (2008–2010):

2008 ఫిబ్రవరిలో ఫోరింటు మారకపు పరిమితుల పట్టీని ఎత్తివేశారు. ఆ వేసవిలో ఫోరింటు బలపడి, ఒక ఫ్రాంకు సుమారు 145 ఫోరింట్లకు దిగింది. సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలిన తరువాత పరిస్థితి తారుమారైంది. స్వాప్ మార్కెట్ స్తంభించింది, ప్రభుత్వ బాండ్లకు కొనుగోలుదారులు కరవయ్యారు. అక్టోబరు 22న కేంద్రబ్యాంకు వడ్డీరేటును ఒక్కసారిగా 3 శాతం పాయింట్లు పెంచి 11.5 శాతానికి చేర్చింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి, యూరోపియన్ యూనియన్, ప్రపంచబ్యాంకు కలిసి సుమారు 2,000 కోట్ల యూరోల సహాయం ప్రకటించాయి. 2009లో మాతృబ్యాంకులు ఈ ప్రాంతం నుంచి నిధులను హఠాత్తుగా ఉపసంహరించకుండా చూసేందుకు వియన్నా ఒప్పందం కుదిరింది. వ్యవస్థ కూలిపోలేదు. కానీ 2009 మార్చి నాటికి ఫ్రాంకు 200 ఫోరింట్లను దాటింది. 2011 ఆగస్టులో 250ని కూడా దాటింది.

గణాంకాలను చదివే పరిశోధకుడు ఇక్కడ ఆగాలి. కొత్త రుణాలు దాదాపు నిలిచిపోయిన 2008 చివర, 2009 ఆరంభ నెలలలో ఫోరింట్లలో కొలిచిన బ్యాంకుల రుణాల విలువ పెరిగినట్లు కనిపిస్తుంది. కారణం పునర్మూల్యనమే. ఫ్రాంకు రుణాన్ని ఆనాటి రేటు ప్రకారం ఫోరింట్లలోకి మార్చి రాసినప్పుడు పాత రుణమే పెద్దదవుతుంది. స్థూల దేశీయోత్పత్తి అదే కాలంలో కుంచించుకుపోవడం వల్ల ఆస్తుల నిష్పత్తి మరింత పైకి పోయింది. కొలమానం ప్రకారం 'ఆర్థిక లోతు' పెరిగింది. వాస్తవంలో వాయిదాలు తప్పుతున్న కుటుంబాల సంఖ్య పెరిగింది. తరువాతి సంవత్సరాలలో కుటుంబ రుణాలలో మొండి బాకీల వాటా 15 శాతాన్ని మించింది. ఇల్లు అమ్మినా తీరని అప్పు అనే స్థితి వేల కుటుంబాలకు ఎదురైంది.

7. ఆస్తుల మొత్తమే పన్నుకు ఆధారం:

2010లో అధికారంలోకి వచ్చిన విక్టర్ ఓర్బాన్ ప్రభుత్వం విదేశీ కరెన్సీ గృహరుణాలను నిషేధించి, బ్యాంకులపై ప్రత్యేక పన్ను విధించింది. దానికి ఆధారంగా లాభాన్ని తీసుకోలేదు, 2009 చివరినాటి ఆస్తుల మొత్తాన్ని తీసుకుంది. 5,000 కోట్ల ఫోరింట్ల వరకు 0.15 శాతం, ఆపైన 0.5 శాతం. విస్తరణకు చిహ్నంగా అంతవరకు చూపుకున్న అంకె మీదనే పన్ను పడింది. ఆ తరువాత బ్యాంకు తన రుణాలను తగ్గించుకున్నా పన్ను తగ్గదు. నష్టం వచ్చినా మినహాయింపు లేదు.

ఈ పన్నును సమర్థించినవారు, విస్తరణలో లాభపడిన సంస్థలే సంక్షోభ భారాన్ని మోయాలన్నారు. విమర్శించినవారు, మూలధనం తరిగిన బ్యాంకులు కొత్త రుణాలివ్వలేవనీ, భారం చివరికి ఖాతాదారుల మీదే పడుతుందనీ వాదించారు. రెండు వాదనలలోనూ నిజముంది. విదేశీ మాతృసంస్థలు క్రమంగా నిధులు వెనక్కి తీసుకున్నాయి, సంస్థలకు రుణాలు సన్నగిల్లాయి. 2013లో చిన్న, మధ్యతరహా సంస్థలకు గరిష్ఠంగా 2.5 శాతం వడ్డీకి రుణాలు అందేలా కేంద్రబ్యాంకే బ్యాంకులకు వడ్డీ లేని నిధులు ఇవ్వవలసి వచ్చింది.

8. రెండు పరిష్కారాలు, రెండు రేట్లు:

8.1. 2011 నాటి ముందస్తు చెల్లింపు:

2011 సెప్టెంబరులో వచ్చిన చట్టం ఫ్రాంకు గృహరుణాన్ని ఒకేసారి పూర్తిగా తీర్చేవారికి 180 ఫోరింట్ల స్థిర రేటు కల్పించింది. మార్కెట్ రేటుతో తేడాను బ్యాంకులు భరించాలి. ఈ అవకాశాన్ని సుమారు 1,70,000 మంది వినియోగించుకున్నారు. పై ఊహా లెక్కలోని కుటుంబానికి ఈ పథకం కింద రుణం 1,12,50,000 ఫోరింట్లతో ముగిసేది. కానీ అంత సొమ్ము ఒక్కసారిగా తేగలిగినది ఎవరు? పొదుపు ఉన్నవారు, బంధువుల సాయం ఉన్నవారు, మరో బ్యాంకు ఫోరింట్ రుణం ఇవ్వడానికి సిద్ధపడిన స్థిరమైన ఆదాయం గలవారు. ఉద్యోగం పోయి వాయిదాలు తప్పిన కుటుంబానికి ఈ చట్టం కాగితం మీది హక్కుగానే మిగిలింది.

అలాంటివారి కోసం వేరే చర్యలు వచ్చాయి. కొంతకాలం స్థిర రేటున వాయిదాలు చెల్లించి, తేడాను ప్రత్యేక ఖాతాలో జమచేసుకునే వీలు కల్పించారు. 2012 నుంచి జాతీయ ఆస్తి నిర్వహణ సంస్థ అత్యంత నిస్సహాయ స్థితిలో ఉన్నవారి ఇళ్లను కొని, వారినే అద్దెదారులుగా అందులో ఉండనిచ్చింది. ఇలా 30 వేలకు పైగా ఇళ్లు ప్రభుత్వపరమయ్యాయి. యజమాని తన ఇంట్లోనే అద్దెకు ఉండవలసిరావడం ఆ దశాబ్దపు హంగరీ సామాజిక చరిత్రలో విస్మరించరాని అంశం.

8.2. 2014 నాటి మార్పిడి:

మిగిలినవారి సమస్య న్యాయస్థానాలలో తేలింది. 2014 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, షరతుల భాష వ్యాకరణపరంగా అర్థమైతే చాలదనీ, వాటి ఆర్థిక పర్యవసానం వినియోగదారుకు బోధపడాలనీ స్పష్టం చేసింది. జూన్‌లో హంగరీ సర్వోన్నత న్యాయస్థానం కురియా, కొనుగోలు, అమ్మకపు రేట్ల మధ్య తేడాను వసూలు చేయడం చెల్లదని తీర్పునిచ్చింది. ఏకపక్షంగా వడ్డీ పెంచే షరతుల న్యాయబద్ధతకు కఠినమైన ప్రమాణాలు పెట్టింది. మారకపు నష్టభయం మాత్రం సూత్రరీత్యా రుణగ్రహీతదేనని చెప్పింది. ఆపై వచ్చిన చట్టాల ప్రకారం బ్యాంకులు అన్యాయంగా వసూలు చేసిన సొమ్మును తిరిగి జమచేశాయి. గృహరుణాలు ఫ్రాంకుకు 256.5 ఫోరింట్ల రేటున ఫోరింట్లలోకి మారాయి. దీనికి కావలసిన విదేశీ మారకాన్ని కేంద్రబ్యాంకు తన నిల్వల నుంచి బ్యాంకులకు అందించింది.

2015 జనవరి 15న స్విస్ కేంద్రబ్యాంకు యూరోతో తన కరెన్సీకి పెట్టిన పరిమితిని హఠాత్తుగా ఎత్తివేయడంతో ఫ్రాంకు విలువ ఎగిసింది. మార్పిడి రేటు అప్పటికే చట్టంలో ఖరారై ఉన్నందున హంగరీ గృహరుణగ్రస్తులు ఆ దెబ్బ నుంచి తప్పించుకున్నారు. అదే రోజు పోలండ్‌లోని ఫ్రాంకు రుణగ్రస్తులకు అలాంటి రక్షణ లేదు.

అయినా రెండు రేట్ల మధ్య అంతరం మిగిలే ఉంది. ఊహా లెక్కలోని 62,500 ఫ్రాంకులు 256.5 రేటున 1,60,31,250 ఫోరింట్లు. 2011లో తీర్చగలిగినవారితో పోలిస్తే ఇది 47,81,250 ఫోరింట్లు ఎక్కువ. అక్రమ వసూళ్లు తిరిగి జమ కావడం వల్ల ఈ తేడా కొంత తగ్గినా పూర్తిగా పోలేదు. ఒకే రకమైన రుణం, ఒకే దేశం, ఒకే చట్టసభ. చేతిలో పొదుపు ఉన్నవారికి 180, లేనివారికి 256.5.

9. చెక్ గణతంత్రంతో పోలిక:

ఈ పరిణామాలన్నింటికీ విదేశీ యాజమాన్యమే కారణమన్న వాదన హంగరీ రాజకీయాలలో బలంగా వినిపించింది. బ్యాంకింగ్ రంగంలో కనీసం సగం దేశీయుల చేతిలో ఉండాలన్న లక్ష్యం ప్రకటితమైంది. 2014లో ఎంకేబీని, 2015లో బుడాపెస్ట్ బ్యాంకును ప్రభుత్వం తిరిగి కొన్నది.

చెక్ గణతంత్రం అనుభవం ఈ వాదనను ప్రశ్నిస్తుంది. అక్కడి మూడు పెద్ద బ్యాంకులు కూడా 1999–2001 మధ్య బెల్జియం, ఆస్ట్రియా, ఫ్రాన్స్ సంస్థల చేతికి వెళ్లాయి. బ్యాంకుల ఆస్తులూ పెరిగాయి. అయినా చెక్ కుటుంబాలు ఫ్రాంకులలో రుణం తీసుకోలేదు. కారణం సరళమైనది. ద్రవ్యోల్బణం అదుపులో ఉండి, చెక్ కరెన్సీ కొరునాపై వడ్డీరేట్లు యూరో ప్రాంతపు రేట్లకు సమానంగా, కొన్నిసార్లు తక్కువగా ఉండేవి. విదేశీ కరెన్సీలో అప్పు చేయవలసిన అవసరమే కుటుంబాలకు కలగలేదు. హంగరీలో బడ్జెట్ లోటు, అధిక వడ్డీరేట్లు, రాయితీలు ఇచ్చి ఉపసంహరించడం, చీలిన పర్యవేక్షణాధికారం కలిసి ఆ అవసరాన్ని సృష్టించాయి. బ్యాంకులు దానిని వ్యాపారంగా మలచుకున్నాయి. ఓటీపీ వంటి దేశీయ నిర్వహణలోని బ్యాంకు కూడా ఫ్రాంకు రుణాలలో పాల్గొన్నదన్న విషయం ఈ సందర్భంలో గమనించదగినది.

10. ముగింపు:

- 1987–2015 మధ్య హంగరీ బ్యాంకుల ఆస్తుల చరిత్ర ఏకరీతి పెరుగుదల కాదు. తొలి దశలో వారసత్వపు మొండి బాకీలు, రెండవ దశలో ప్రభుత్వ బాండ్లు, విదేశీ మూలధనం, మూడవ దశలో కుటుంబాల ఫ్రాంకు రుణాలు, నాలుగవ దశలో పునర్మూల్యనం ఆ మొత్తాన్ని నిర్ణయించాయి.

- ప్రతి దశలోనూ నష్టభయం చేతులు మారింది. సంస్థల నుంచి ఖజానాకు, బ్యాంకుల నుంచి కుటుంబాలకు, తిరిగి కుటుంబాల నుంచి కొంత బ్యాంకులకు, కొంత ప్రభుత్వానికి చేరింది. ఆస్తుల మొత్తం అనే అంకె ఈ బదిలీని చూపదు.

- 2011, 2014 చట్టాలు భారాన్ని తగ్గించాయి గాని సమంగా పంచలేదు. సంక్షోభ నివారణ చర్య ఎంత లాభం చేకూర్చిందన్నదానితోపాటు అది ఎవరికి అందుబాటులో ఉందన్నదీ చరిత్రకారుడు పరిశీలించాలి.

- యాజమాన్యం విదేశీయమా, స్వదేశీయమా అన్న చర్చ కంటే, దేశీయ కరెన్సీలో కుటుంబం భరించగల వడ్డీకి రుణం దొరికే పరిస్థితి ఉందా అన్నది మౌలికమైన ప్రశ్న.

ఆస్తి అప్పుల పట్టీలో రెండు వైపుల మొత్తాలు ఎల్లప్పుడూ సమానంగానే ఉంటాయి. 2008 వేసవిలో హంగరీ బ్యాంకుల పట్టీలు కూడా సమానంగానే ఉన్నాయి. ఆ పట్టీలో చోటులేనిది ఫోరింట్లలో జీతం తెచ్చుకుని ఫ్రాంకులలో బాకీపడిన కుటుంబపు లెక్క ఒక్కటే. ఎదుగుతున్న ఏ ఆర్థిక వ్యవస్థలోనైనా బ్యాంకుల విస్తరణ చరిత్రను రాసేటప్పుడు ఆ లెక్కను కూడా పక్కన ఉంచుకోవడం అవసరం.